వేలు చూపించడం కూడా గమనించండి

పిల్లలకు మాటలు ఆలస్యం కావడం గురించి వచ్చిన ఒక వ్యాసంలో 'మగపిల్లలకు మాటలు ఆలస్యమే, మూడేళ్ల దాకా చూడండి' అని రాశారు. మా బాబు విషయంలో మా అత్తయ్యగారూ అదే అన్నారు, మేము చూపించిన డాక్టరుగారూ అదే అన్నారు. ఆగాం. పది నెలలు పోయాయి.

ఆటిజం (ఎదుటివాళ్లతో కలవడంలో, మాటల్లో కనిపించే ఎదుగుదల తేడా) ఉందేమోనని అనుమానం వస్తే చూడాల్సింది మాటలొక్కటే కాదండీ. మావాడు రెండేళ్లు నిండినా చందమామ వైపు వేలు చూపించలేదు. బిస్కెట్ కావాలంటే నా చెయ్యి పట్టుకెళ్లి, అదేదో గరిటె అయినట్టు, డబ్బా మీద పెట్టేవాడు. మొహంలోకి చూసేవాడు కాదు. పేరు పెట్టి పిలిస్తే పలకడు, పక్కగదిలో చాక్లెట్ కాగితం చప్పుడైతే మాత్రం పరుగున వస్తాడు! అయినా ముందు బెరా అనే వినికిడి పరీక్ష చేయించమన్నారు. అది మంచి సలహానే.

16 నుంచి 30 నెలల పిల్లలకు ఎం-చాట్ అని 20 ప్రశ్నల పట్టిక ఉంది. దాంతో ఆటిజం అని తేల్చేయరు, పూర్తి అసెస్‌మెంట్ అవసరమా అన్నది తెలుస్తుంది. సికింద్రాబాద్ బోయిన్‌పల్లి దగ్గర మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం పనిచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్ఐఈపీఐడీ ఉంది. చాలా జిల్లాల్లో పిల్లల ఎదుగుదలలో తేడాలను తొందరగా గుర్తించి సాయం చేసే ప్రభుత్వ డీఈఐసీ కేంద్రాలూ ఉన్నాయి. స్పీచ్ థెరపీ మొదలుపెట్టడానికి రిపోర్టు వచ్చేదాకా ఆగక్కర్లేదు.

అసెస్‌మెంట్‌కి వెళ్లేటప్పుడు ఇంట్లో తీసిన వీడియోలు పట్టుకెళ్లండి, కొత్తచోట పిల్లలు ఇంట్లోలాగా ఉండరు. మా బిస్కెట్ డబ్బా వీడియోని సైకాలజిస్టు మేడం రెండుసార్లు వెనక్కి తిప్పి చూశారు.