చిరంజీవి ఝ్రంఖ్వ భాషకు నీ సృష్టికర్త ఆశీర్వదించి వ్రాయునది

ఉభయకుశలోపరి. ఇక్కడ నేను క్షేమం. నీ క్షేమం నువ్వే చెప్పాలి గానీ, 'క్షేమం' అనే మాట నీలో ఇంకా లేదు. 'బాగు' కూడా లేదు. 'నీళ్ళు' ఉండాలే అనుకుని నిన్న నోట్‌బుక్ అంతా తిరగేశాను, దొరకలేదు. విభక్తులు మాత్రం పదకొండున్నాయి. తెలుగుకి సంబోధనతో కలిపి ఎనిమిది కదా, నీకు తక్కువ చేశానన్న మాట రాకూడదని.

నువ్వు పుట్టి మూడేళ్ళయింది. మొదటి రెండు నెలలూ లిపికే పోయాయి. తర్వాత నిన్ను మాట్లాడే దేశానికి మ్యాప్ గీశాను. నది ఒంపు కుదరలేదని ఆరుసార్లు చెరిపాను. ఆ దేశానికి చందమామలు రెండు కాబట్టి పంచాంగం పెట్టాల్సి వచ్చింది. అధికమాసం ఎప్పుడొస్తుందో తేలక ఎక్సెల్ షీట్ వేశాను. మూడు రాజవంశాలు, రెండు యుద్ధాలు, ఒక వెన్నుపోటు అయిపోయాయి. ఇంత జరిగినా ఆ దేశంలో ఇంతవరకు ఒక్కడూ నోరు తెరిచి ఒక్క వాక్యం మాట్లాడిన పాపాన పోలేదు.

నీ పేరు సంగతి సరేసరి. యుద్ధం చేసే జాతి కదా, గరుగ్గా ఉండాలని ఒత్తక్షరాలన్నీ కుక్కాను. అమ్మని పలకమంటే, "గొంతులో ముల్లేమైనా గుచ్చుకుందిట్రా?" అంది.

నీ తోటివాళ్ళని, అంటే నీలాగే ఎవరో కూర్చుని కల్పించిన భాషల్ని చూస్తే కడుపు తరుక్కుపోతుంది. 1887లో వార్సాలో జామెన్‌హాఫ్ తను కల్పించిన ఎస్పెరాంటో భాషకి ఓ చిన్న పుస్తకం వేశాడు. 16 నియమాలు, 900 పైచిలుకు ధాతువులు, అంతే. ఇవాళ ఎస్పెరాంటోని పుట్టినప్పటి నుంచీ ఇంట్లో వింటూ పెరిగిన పిల్లలున్నారు. 2001లో సోన్యా లాంగ్ బయటపెట్టిన టోకి పోనాకి ఉన్నవే సుమారు 120 మాటలు. అంతెందుకు, 'బాహుబలి'లో మన కాలకేయులు మాట్లాడే కిలికి చూడు. తమిళ పాటల రచయిత మదన్ కార్కి ఆస్ట్రేలియాలో పిల్లలతో సరదాగా మొదలుపెట్టిన భాష దానికి మూలం. 'నేను' అంటే మిన్, దాన్ని తిరగేస్తే నిమ్, అంటే 'నువ్వు'. పని మొదలైపోయింది. 2015లో తెరమీదికొచ్చేసరికి 750 మాటలు, 40 నియమాలు. నీలో 'నేను'కి హోదాని బట్టి ఏడు రూపాలున్నాయి. 'నువ్వు' పెండింగ్. మా మేనకోడలు నయం, "కనుకవ్వు కఅకన్నం కతికన్నాకవా?" అని క-భాషలో నన్నే పలకరిస్తోంది. ఒకటే నియమం, నిఘంటువే అక్కర్లేదు.

అసలు అవమానం ఇంకోటుంది. ఎదుటివాణ్ణి కలుపుకునే బహువచనం ఒకటి, కలుపుకోనిది ఒకటి నీకు పెట్టి, ప్రపంచంలో ఎవరికీ తట్టనిది తట్టిందని వారం రోజులు పొంగిపోయాను. అమ్మకి చెబుదామని వంటింట్లోకి వెళ్ళాను. నేను నోరు తెరిచేలోపే, "మేం పెళ్ళికెళ్తున్నాం, నువ్వు అన్నం వండుకో" అంది. ఆ 'మేం'లో నేను లేనని ఏ వ్యాకరణమూ చూడకుండానే ముప్ఫై ఏళ్ళుగా నాకు తెలుసు! 'మనం' అని ఉంటే ఈపాటికి చొక్కా ఇస్త్రీ చేసుకుంటూ ఉండేవాణ్ణి.

అప్పటి నుంచి చెవులు రిక్కించి వింటున్నాను. గేదె వచ్చింది, అత్త వచ్చింది, రెంటికీ ఒకటే క్రియ. అదే అత్తలు ఇద్దరైతే మాత్రం మగవాళ్ళతో సమానంగా "వచ్చారు". ఇదే నీలో పెట్టి ఉంటే, మరీ కృతకంగా ఉందని నేనే కొట్టేసేవాణ్ణి.

అందుకే ఈ ఆదివారం అలంకారాలన్నీ పక్కనపెట్టి నీకు ఒక్క మామూలు వాక్యం నేర్పుదామని కూర్చున్నాను: "అన్నం ఉడికిందా?" 'ఉడకడం' పావుగంటలో కుదిరింది. 'అన్నం' దగ్గర ఆగిపోయాను. అసలు మీ దేశంలో వరి పండుతుందా? వరి పండాలంటే వానలు పడాలి, వానలు పడాలంటే కొండలు ఏ వైపున్నాయో చూడాలి. సరే, చూసి వచ్చేద్దామని మ్యాప్ తెరిచాను. రాత్రి రెండయింది. నది ఒంపు ఇంకా నచ్చలేదు.

ఇట్లు,
('ఇట్లు'కి కూడా మాట చూడాలి)
నీ సృష్టికర్త