నాలుగు రోడ్ల మధ్య నిమ్మకాయ

ఊరికో గుర్తు ఉండాలన్న ఆలోచన మొదట ఎవరికి వచ్చిందో ఇప్పుడు ఎవరూ ఒప్పుకోవడం లేదు. వినాయక చవితి చందాల్లో మిగిలిన డబ్బుతో నాలుగు రోడ్ల కూడలిలో, ఎప్పుడో ఎండిపోయిన ఫౌంటెన్ దిమ్మ మీద ఏదో ఒకటి నిలబెట్టాలని వ్యాపారుల సంఘం తీర్మానించినట్టు మినిట్స్ పుస్తకంలో మాత్రం ఉంది. ‘ఏదో ఒకటి’ అనే రాశారు.

మాది నెల్లూరు జిల్లా మెట్ట ప్రాంతం. ఒక బజారు, వారానికో సంత, బస్టాండు, నిమ్మకాయల మార్కెట్టు. అంతే ఊరు. కానీ మీటింగుకు వచ్చినవాళ్లు ఊరిని పక్కనబెట్టి జిల్లా మొత్తాన్నీ ఆ దిమ్మ మీదకు ఎక్కించే పనిలో పడ్డారు.

“రాకెట్టు పెడదాం సార్” అన్నాడు సెల్‌ఫోన్ షాపు కుర్రాడు. శ్రీహరికోట ఉన్న సూళ్లూరుపేట 2022 ఏప్రిల్‌లోనే తిరుపతి జిల్లాలో కలిసిపోయిందని ఎరువుల కొట్టాయన గుర్తుచేశాడు. పోనీ వెంకటగిరి చీర అన్నారు. అదీ అటే పోయింది. పులికాట్ ఫ్లెమింగోలన్నారు. అవీ పోయాయి, కాకపోతే ఆ సంగతి వాటికింకా తెలిసుండదు. “ఇంక మనకు మిగిలిందేందబ్బా?” అని ప్రెసిడెంటు గారు నీరసపడితే, “చేపల పులుసు!” అని వెనక వరసలోంచి వినపడింది. వానాకాలంలో తప్ప చెరువులో నీళ్లుండని ఊరికి చేప బొమ్మేంటని దాన్నీ కొట్టేశారు.

అసలు రగడ ఎద్దు దగ్గర మొదలైంది. ఎద్దంటే ఒంగోలు ఎద్దేనని, మన డబ్బుతో వాళ్లకు పబ్లిసిటీ ఎందుకని ఒకాయన అనేసరికి రిటైర్డ్ సోషల్ మాస్టారు లేచారు. ఆయన లేస్తే మళ్లీ కూర్చోబెట్టడం ఎవరి తరమూ కాదు. ఒంగోలు తాలూకా 1904 దాకా మన నెల్లూరు జిల్లాలోనే ఉండేదనీ, గుంటూరు జిల్లా పెట్టినప్పుడు అటు పోయిందనీ, 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడ్డాకే ఒంగోలుకు సొంత జిల్లా వచ్చిందనీ చెప్పారు. ఇక్కడి పశువులు ఓడలెక్కి బ్రెజిల్ వెళ్తే, అక్కడివాళ్లు వాటికి పెట్టుకున్న పేరు ఒంగోలు కాదు, నెలోర్! “బ్రెజిలోళ్లు ఒప్పుకున్నదాన్ని మనం ఒప్పుకోకపోతే ఎట్లాగయ్యా?” అన్నారు. హాలు చప్పట్లతో మోగిపోయింది. తర్వాత ఎద్దు బొమ్మకు మేస్త్రీ రేటు చెప్పాడు. హాలు నిశ్శబ్దమైపోయింది.

“మూపురం లేకుండా అయితే ఎంతవుద్ది?” అని కోశాధికారి అడిగాడు. మాస్టారు ఆయనతో ఈ రోజుకీ మాట్లాడరు.

అలిగి కూర్చున్న మాస్టారే చివర్లో ఓ ముక్క అన్నారు. రాష్ట్రం విడిపోయినప్పుడు పాలపిట్టంతటిది తెలంగాణకు పోయింది, 2018లో మనం రామచిలుకను రాష్ట్ర పక్షిగా పెట్టుకోవాల్సొచ్చింది, కాబట్టి పంపకాల్లో ఎవరూ అడగని వస్తువేదన్నా చూసుకోండని. ఆయన వెటకారంగానే అన్నారని నా నమ్మకం. సంఘం మాత్రం సీరియస్‌గా తీసుకుంది. అలా నిమ్మకాయ వచ్చింది. 2022 ఎండల్లో పట్నాల్లో కాయ ఒక్కటి పది రూపాయలు పలికినప్పుడు మా మార్కెట్టుకు వచ్చిన గౌరవం ఎవరూ మర్చిపోలేదు. పైగా గుండ్రంగా ఉంటుంది, సిమెంటు తక్కువ. “ముక్కూ మొహం ఉండవు గదన్నా, పోలిక రాలేదని నాతో ఎవరూ గొడవ పెట్టుకోరు” అని మేస్త్రీ కూడా సంతోషించాడు.

మనిషెత్తు కాయ. ఇనుప చువ్వలు వంచి, మెష్ చుట్టి, సిమెంటు మెత్తాడు. మొన సాగదీస్తే మామిడికాయంది జనం, తగ్గిస్తే కోడిగుడ్డంది. ఆఖరికి మార్కెట్టు నుంచి ఓ కాయ తెచ్చి ఎదురుగా పెట్టుకున్నాడు. పచ్చి సిమెంటు మీద చీపురుపుల్లతో ఓపిగ్గా గుచ్చుతూ తొక్క మీది సన్నని గుంటలు కూడా తెప్పించాడు. పసుపు పచ్చ ఎనామిల్ వేశాక చూస్తే నోట్లో నీళ్లూరాయి. నిజం చెప్పాలి, పనిమంతుడే. కింద దిమ్మ మీద ఊరి పేరు ఎర్ర రంగుతో రాశారు. అందులో థిన్నర్ ఎక్కువైందో ఏమో, ఆ రాత్రి పడ్డ వానకు అక్షరాలన్నీ కారి దిమ్మంతా ఎర్రబడింది.

తెల్లారుజామున మొదట చూసింది పాలాయన. నాలుగు రోడ్ల కూడలి, నడిమధ్యలో నిమ్మకాయ, చుట్టూ ఎరుపు. బండి అక్కడే ఆపేసి, క్యాన్లు పట్టుకుని సందులో పడి నడిచొచ్చాడు. “నిమ్మకాయే అంతుందంటే, తగిలిన దిష్టి ఎంతుంటదో చూడు సామీ!” అన్నాడు మా వాకిట్లో. పాలు కొలిచేటప్పుడు కూడా చెయ్యి వణుకుతూనే ఉంది. ఎప్పుడూ లేంది ఆ రోజు కాస్త ఎక్కువే పోశాడు.

పొద్దెక్కేసరికి ఊరంతా పాకిపోయింది. దిష్టి తీసిన కాయ తొక్కకూడదు, దాటకూడదన్నది మనందరికీ చిన్నప్పటి నుంచీ నూరిపోసిందే. ఇది చూడ్డానికి గుర్తేనని, చవితి చందాతో కట్టిందని ప్రెసిడెంటు గారు మైకులో చెప్పించారు. మా అత్తగారు అంతా విని, “సరేలే నాయనా” అని, కూరగాయలకు పాత చెరువుకట్ట మీదుగానే పోయారు. కూడలిలో జనం దిమ్మ చుట్టూ దూరంగా, వరసగా, ఒకే వైపు నుంచి తిరగడం మొదలుపెట్టారు. రాంగ్ రూట్లో వచ్చేవాడే లేడు. ఏళ్ల తరబడి విజిల్ ఊదినా జరగని పని జరిగిందని కానిస్టేబుల్ గారు మురిసిపోయారు.

మళ్లీ మీటింగు. దిష్టికాయ కాదు, చెట్టుకాయ అని తెలియాలంటే రెండు ఆకులు పెడితే సరిపోతుందని తేల్చారు. మిగిలిన డబ్బు తక్కువ. మేస్త్రీ మిగిలిపోయిన చువ్వలకే సిమెంటు చుట్టి, చివర్లు సన్నం చేసి, ముదురాకుపచ్చ రంగు కొట్టాడు. బరువుకు అవి కిందకి వంగాయి. దగ్గరికి వెళ్లి పట్టి చూస్తే ఆకులే. బస్టాండు దగ్గర నుంచి చూస్తే మాత్రం అచ్చంగా పచ్చిమిరపకాయలు.

దాంతో సెట్టు పూర్తయింది.

ఇక లారీలవాళ్లను ఆపడం ఎవరి వల్లా కాలేదు. లోడెత్తుకున్న ప్రతి లారీ అక్కడ ఓ నిమిషం ఆగి కదులుతోంది. కొత్త బండి కొన్నవాళ్లు ఆంజనేయస్వామి గుడికి పోకుండా నేరుగా కూడలికే వస్తున్నారని పూజారి గారు సంఘం ఆఫీసుకొచ్చి బాధపడ్డారు. వానాకాలంలో కాయ ధర పడిపోతే రైతులు బొమ్మను తిట్టిపోశారు. వేసవికి ధర లేచేసరికి వాళ్లే పూలదండ వేసి, కొబ్బరికాయ కొట్టి, దిమ్మ మీద చిల్లర పెట్టి దండం పెట్టుకున్నారు. ఆ చిల్లర కాకులపాలు కాకూడదని ఎవరో రేకు డబ్బా పెట్టారు. మర్నాటికి దానికి తాళం కూడా పడింది.

ఆదివారం సంఘం మీటింగు ఉంది. ఎజెండాలో ఒకటే అంశం. డబ్బా తాళంచెవి ప్రెసిడెంటు గారి దగ్గరుండాలా, పూజారి గారి దగ్గరుండాలా? మూపురం ఖర్చు ఇప్పుడు ఆ డబ్బాలోంచి తీయొచ్చేమో అడుగుదామని మాస్టారు కూడా వస్తున్నారట.