అన్నిటికీ ఇదొక్కటే చాలు సార్

చత్వారం వచ్చింది, డాక్టర్ చీటీ రాశారు, ప్రోగ్రెసివ్ కళ్లద్దాలు చేయించుకున్నాను. "దూరం, కంప్యూటర్, పుస్తకం, అన్నిటికీ ఇదొక్కటే చాలు సార్. అందరికీ ఇవే ఇస్తున్నాం" అన్నాడు షాపులో కుర్రాడు. ఫ్రేమ్ నల్లదా గోధుమరంగుదా, గుండ్రమా పలకలా అని ప్రాణం తీశాడు గానీ, మీరేం పని చేస్తారని ఒక్క ముక్క అడగలేదు.

నేను పనిచేసేది లైబ్రరీలో.

ఈ రకం అద్దాలు 1959లో ఫ్రాన్స్‌లో అమ్మకానికొచ్చాయి. పైభాగం దూరానికి, మధ్యలో సన్నటి సందు కంప్యూటర్‌కి, అడుగుభాగం చదువుకోవడానికి. పక్కలకి చూస్తే అంతా అలుక్కుపోతుంది. అంటే, మనిషి చదవాల్సినవన్నీ ముక్కు కిందే ఉంటాయని వీటిని కనిపెట్టినవాళ్ల గట్టి నమ్మకం. నిన్న ఒకబ్బాయి అడిగిన భౌతికశాస్త్రం పుస్తకమేమో నిచ్చెనెక్కితే గానీ అందని పై అరలో, ఎక్కాక కూడా నా నుదుటికి జానెడు ఎత్తున ఉంది.

పుస్తకం వెన్ను మీద నంబరు కనబడాలంటే అద్దం అడుగుభాగం అక్కడికి రావాలి. తల వెనక్కి వాల్చాను. చాల్లేదు. ఇంకా వాల్చాను. గడ్డం అరకి తగిలింది, మెడలో ఏదో టక్కుమంది, నోరు దానంతటదే తెరుచుకుంది. (తల అంతలా వాల్చి నోరు మూసుకోగల మహానుభావులుంటే వారికో దండం.) కింద ఎవరో "అయ్యో, ఆయనకి ఫిట్స్!" అన్నారు. ఒకాయన నిచ్చెన పట్టుకున్నాడు, ఇంకొకాయన నా కాళ్లు పట్టుకున్నాడు. ఒకావిడ నీళ్ల సీసా మూత తీసి, నా మొహం అందక, ప్యాంటు మీద చల్లింది. నేను సీలింగ్‌కేసి "నంబరు చూస్తున్నానండీ" అంటున్నా వినేవాడు లేడు. నంబరు కంటికి ఆనిన ఆ ఒక్క క్షణంలో 530, అంటే భౌతికశాస్త్రం, అనుకుని లాగిన పుస్తకం తీరా చూస్తే 630. వ్యవసాయం.

"అలవాటైపోతుంది సార్. కళ్లు కాదు, తల తిప్పాలి" అన్నాడు షాపు కుర్రాడు. ఎంత తిప్పాలో అక్కడే చేసి చూపించాను. భయపడి లోపల్నుంచి పెద్దాయన్ని పిలిచాడు. ఆయన తాపీగా, పైనా కిందా కూడా దగ్గరి చూపు ఉండే అద్దాలు వేరే ఉంటాయనీ, ఎలక్ట్రీషియన్లూ పైలట్లూ వాడతారనీ చెప్పారు. మరి మొదటే చెప్పొచ్చుగా? "ఎవరో ఒకరికి కావాలని అవన్నీ ఎక్కడ పెడతామండీ!"

అదీ నిజమే. నా పక్క కుర్చీలో వయొలిన్ వాయించే ఆయన, స్టాండ్ మీది కాగితం కనబడితే వేళ్లు కనబడటం లేదని మొత్తుకుంటున్నారు. ఆయనక్కూడా అలవాటైపోతుందట.

సరే, నావి తెప్పిస్తామన్నారు. కుర్రాడు ట్రే ముందుకు జరిపాడు. "ఫ్రేమ్ నల్లదా సార్, గోధుమరంగుదా?"