కరెంటు తీగల కింద ‘పవర్‌ఫుల్ మెషిన్’ కొనమంటున్న ఆ మెసేజ్ గురించి

తొలకరి పడిందంటే వజ్రకరూరు, జొన్నగిరి, తుగ్గలి చేలల్లో జనం వజ్రాల కోసం తలలు దించుకుని తిరగడం మనకు కొత్త కాదు. ఈసారి దానికి తోడు ఒక వాట్సాప్ మెసేజ్ కూడా తిరుగుతోంది. నాకే నలుగురు పంపించారు, అందులో ఒకాయన మా చిన్నాన్న. దాని సారాంశం ఇది: హైటెన్షన్ లైన్లు, రైలు కరెంటు తీగలు ఉన్నచోట చిన్న మెటల్ డిటెక్టర్లు పనికిరావు, లక్ష దాటిన పవర్‌ఫుల్ మెషిన్ కొని, పెద్ద కాయిల్ (నేల మీద ఊపే తీగ చుట్ట) వేసి, సెన్సిటివిటీ (ఎంత చిన్న సిగ్నల్‌కి కూయాలో పెట్టుకునే మీట) ఫుల్లుగా పెడితే నాలుగడుగుల లోతులో ఉన్న పాత నాణెం కూడా పలుకుతుంది, వజ్రాలు కూడా చూపిస్తుంది, దొరికింది దొరికినోడిదే.

మా చేను గుంతకల్లు దగ్గర, రైలు పట్టాల పక్కనే. పైన 25 వేల వోల్టుల తీగ, ఇవతల బోరు మోటర్ల లైను. ఒకప్పుడు సంత జరిగిన చింతచెట్ల కింద మూడేళ్లుగా కాయిల్ ఊపుతున్నాను, కాబట్టి ఈ మెసేజ్‌కి జవాబు చెప్పే అర్హత కొంచెం ఉందనుకుంటున్నా.

మొదటిది, ‘పవర్ ఎక్కువుంటే తీగల గోలను తట్టుకుంటుంది’ అన్నది. గోల అంటే చుట్టూ ఉన్న కరెంటు నుంచి వచ్చి మెషిన్‌ని ఉత్తినే కూయించే తరంగాలు. డిటెక్టర్ చేసే పని ఏందంటే, కాయిల్ నుంచి అయస్కాంత తరంగం భూమిలోకి పంపి, నాణెంలో పుట్టిన సుడి కరెంటు వల్ల తిరిగొచ్చే చిన్న సవ్వడిని వినడం. మన లైన్లలో కరెంటు 50 హెర్ట్జ్‌దే అయినా దాని రెట్లు (100, 150 అలా), రైలింజన్ల నుంచి, సోలార్ ఇన్వర్టర్ల నుంచి, ఎల్‌ఈడీ లైట్ల నుంచి వచ్చే గోల పైకి పాకి కిలోహెర్ట్జ్‌లలోకి, అంటే మెషిన్ చెవి పెట్టి వినే చోటికే వచ్చేస్తుంది. ఓర్వకల్లు సోలార్ పార్క్ చుట్టుపక్కల, ముద్దనూరు థర్మల్ నుంచి బయల్దేరే లైన్ల కింద తిరిగినా ఇదే కథ. ఇక్కడ కావాల్సింది గట్టిగా అరిచే మెషిన్ కాదు, పక్క గోలను వదిలేసి వినగలిగే మెషిన్. అంటే కొనేటప్పుడు చూడాల్సింది ఫ్రీక్వెన్సీని (మెషిన్ చెవి పెట్టే చోటుని) కొంచెం అటూ ఇటూ జరుపుకునే సదుపాయం ఉందా, నాయిస్ క్యాన్సిల్ (గోల తక్కువున్న చోటు తానే వెతుక్కునే) బటన్ ఉందా, సెన్సిటివిటీ మెట్టు మెట్టుగా తగ్గుతుందా అన్నవి. ఇవన్నీ ఉన్న మెషిన్లు లక్ష లోపు కూడా ఉన్నాయి.

సెన్సిటివిటీ ఫుల్లుగా పెట్టమనడం ఇంకా ఘోరం. పాత రేడియోలో స్టేషన్ సరిగ్గా పట్టనప్పుడు వాల్యూమ్ పెంచితే పాట పెరుగుతుందా, గరగర పెరుగుతుందా? రెండూ పెరుగుతాయి, చెవి నొప్పి మనకి. నేను కొన్న మొదటి వేసవిలో చేసిన పని అదే, ఫుల్లుగా పెట్టి రెండు రోజులు ప్రతి కూతకీ తవ్వాను, చేను ఎలుకలు తవ్వినట్టు అయింది తప్ప పైసా దొరకలేదు. మా అమ్మ అయితే ఆ గుంతల్లో టమాటా నారు పెట్టమంది.

మరి తగ్గిస్తే లోతు పోదా అంటే, పోతుంది, కానీ జనం భయపడేంత కాదు. కాయిల్ నుంచి వెళ్లే తరంగం దూరం రెట్టింపైతే ఎనిమిదో వంతుకి పడిపోతుంది, నాణెం నుంచి తిరిగొచ్చేది మళ్లీ ఎనిమిదో వంతు, మొత్తం మీద 64వ వంతు. ఇదే లెక్కను తిరగేసి చూడండి, సెన్సిటివిటీని నిజంగా సగానికి తగ్గించినా లోతులో పోయేది దాదాపు పదో వంతే. పది అంగుళాలు పట్టేది తొమ్మిది పడుతుంది. ఆ ఒక్క అంగుళం వదులుకుంటే మెషిన్ నోరు మూసుకుంటుంది, అసలు సిగ్నల్ వినపడుతుంది. నాలుగడుగుల మాట కూడా ఈ లెక్కతోనే తేలిపోతుంది, లోతు రెట్టింపు కావాలంటే 64 రెట్లు బలం కావాలి మరి. మామూలు మెషిన్‌కి రూపాయి బిళ్ళంత నాణెం జానెడు లోతులో దొరికితే అదే గొప్ప. నాలుగడుగుల్లో పలకాలంటే అది నాణెం కాకూడదు, బిందె కావాలి.

పెద్ద కాయిల్ సంగతి: కాయిల్ పెద్దదయ్యే కొద్దీ అది పట్టే గోల కూడా పెరుగుతుంది, పైగా ఒకే ఊపులో మేకులు, గుట్కా పొట్లాల రేకు, సోడా మూతలు అన్నీ దాని కిందికి వస్తాయి. తీగల కింద నేను వాడేది ఆరంగుళాల డబుల్ డి (రెండు D ఆకారపు చుట్టలు కలిపిన) కాయిల్. పెద్దదానితో అరగంట కూడా ఉండలేని చోట దీంతో సాయంత్రం దాకా తిరిగాను.

‘మల్టీ ఫ్రీక్వెన్సీ అయితే ఏ గోలా అంటదు’ అని ఇంకో ముక్క ఉంది అందులో. మల్టీ అంటే ఒకేసారి చాలా ఫ్రీక్వెన్సీల్లో వినడం. ఉప్పునీటి ఒడ్డున, ఖనిజం ఎక్కువున్న నేలలో మల్టీ మంచిదే, కాదనను. కానీ ఒకేసారి నాలుగు చోట్ల చెవి పెట్టినవాడికి నాలుగు చోట్ల గోలా వినపడుతుంది కదా. మినెల్యాబ్ ఈక్వినాక్స్ 800 లాంటి దాంట్లో 5, 10, 15, 20, 40 కిలోహెర్ట్జ్ విడివిడిగా పెట్టుకునే వీలు ఇచ్చారు, తీగల కింద చాలాసార్లు మల్టీ ఆపి వీటిలో ప్రశాంతంగా ఉన్న ఒకదాన్ని ఎంచుకుంటేనే పని నడుస్తుంది. పల్స్ ఇండక్షన్ (కరెంటును ఆగి ఆగి తట్లుగా పంపే రకం) మెషిన్ కొనమని ఇంకొందరి సలహా. అది బంగారు ముక్కల వేటకు, బీచ్‌లకు బాగుంటుంది గానీ గోలను బాగానే పీలుస్తుంది, పైగా ఇనుమునీ రాగినీ సరిగ్గా విడదీయలేదు. సంత జరిగిన నేలలో ఎడ్ల గిట్టల లాడాలు ఎన్ని ఉంటాయో తెలుసా?

ఇంకొకటి, అన్ని కూతలకూ తీగలు కారణం కాదు. కాయిల్‌ని గాల్లో కదపకుండా పట్టుకోండి, అప్పుడూ కూస్తే గోల బయటిది. నేల మీద ఊపినప్పుడే కూస్తే అది మన ఎర్రనేలలో ఇనుము, గ్రౌండ్ బ్యాలెన్స్ (నేలలోని ఇనుమును మెషిన్ పట్టించుకోకుండా సర్దడం) చేసుకోవాలి. జేబులో ఫోన్ ఉంటే ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. తోడు వచ్చినవాడి దగ్గరా మెషిన్ ఉంటే నలభై అడుగులు దూరం జరగమనండి. బోరు లైను పక్కన అయితే త్రీఫేజ్ పోయి మోటర్లు ఆగేదాకా ఆగండి, తేడా మీకే తెలుస్తుంది. ఆ వేళే నాకు ఒక చిల్లుకానీ దొరికింది, 1943 నుంచి 47 దాకా కొట్టిన కంచు నాణెం అది. ఇప్పటి స్టీలు రూపాయిలు అయస్కాంతానికి అంటుకునే రకం కాబట్టి చాలాసార్లు ఇనుములాగే పలుకుతాయి, ఇనుము వద్దని పెడితే అవి పోతాయి, పాత కంచు, వెండి మిగులుతాయి. మనకి అదే కదా కావాల్సింది.

వజ్రాల మాటకి ఒక్క వాక్యం చాలు: వజ్రం కార్బన్, లోహం కాదు, కరెంటు పారదు, ఏ మెటల్ డిటెక్టరూ దాన్ని చూడలేదు.

‘దొరికింది దొరికినోడిదే’ అన్నది మాత్రం మనల్ని కోర్టు మెట్లు ఎక్కించే మాట. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ఇప్పటికీ ఉంది. నేలలో దాగి దొరికినదాని విలువ పది రూపాయలు దాటితే (అవును, ఇప్పటికీ పదే) కలెక్టర్‌కి రాతపూర్వకంగా చెప్పాలి, దాచిపెడితే ఏడాది దాకా జైలు. గుత్తి కోట, గండికోట, సిద్ధవటం లాంటి రక్షిత కట్టడాల్లో అనుమతి లేకుండా తవ్వడం వేరే నేరం. వేరేవాళ్ల చేనైతే ముందు ఆ రైతును అడగాలి, అది చట్టం కన్నా ముందు మర్యాద.

ఆ మెసేజ్ కింద ఒక నంబరు ఉంది. చిన్నాన్న కోసం నేనే ఫోన్ చేశాను. ‘అన్నా, డబ్బు రెడీగా ఉంది, మెషిన్ మా చేని దగ్గరికి తెచ్చి పట్టాల పక్కన ఒక్క నాణెం మీద చూపించండి, అక్కడే ఇచ్చేస్తా’ అన్నాను. డెమో ఉండదంట, సగం అడ్వాన్స్ వేస్తే కొరియర్ చేస్తారంట.