విన్‌ఎస్‌ఎక్స్‌ఎస్ జోలికి వెళ్లకండి బాబూ

భీమవరం నుంచి అమలాపురం దాకా ఏ వాట్సాప్ గ్రూపు తెరిచినా ఇదే ఫార్వర్డ్: "విండోస్ అప్‌డేట్ తర్వాత కంప్యూటర్ హ్యాంగ్ అవుతోందా? ఈ ఆరు చిట్కాలతో మెకానిక్ ఖర్చు మిగుల్చుకోండి, పదిమందికీ పంపండి." పంపుతున్నారు. రొయ్యల మేత కొట్టువాళ్లు కొబ్బరి కమీషన్ కొట్టువాళ్లకీ, వాళ్లు మళ్లీ మనకీ.

మొదటిది, ఎఫ్5 పదిసార్లు కొట్టడం. ఐకాన్లు ఓసారి మినుకుమంటాయి, అంతే. రెండోది, టెంప్ ఫోల్డర్ ఖాళీ చెయ్యడం. చేసుకోండి. సీ డ్రైవ్ నిండిపోయి ఉంటే తప్ప పెద్ద లాభం లేదు.

మూడోది, "ఆగిపోగానే ప్లగ్ పీకెయ్యండి". ముందు క్యాప్స్ లాక్ నొక్కి చూడండి. లైటు వెలిగి ఆరుతుంటే సిస్టమ్ ఇంకా బతికే ఉంది, తెర మాత్రమే బిగుసుకుని ఉండొచ్చు. విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బి నాలుగూ కలిపి నొక్కితే గ్రాఫిక్స్ డ్రైవర్ మళ్లీ మొదలవుతుంది. లైటు కూడా కదలకపోతే పవర్ బటన్ పది సెకన్లు నొక్కిపట్టడమే. కానీ తెర మీద అప్‌డేట్ శాతం కనిపిస్తూ డిస్కు లైటు మెరుస్తుంటే ముట్టుకోవద్దు. పాత హార్డ్ డిస్కయితే గంట దాటినా ఆశ్చర్యం లేదు.

ఇక నాలుగోది. "విండోస్ ఫోల్డర్‌లో విన్‌ఎస్‌ఎక్స్‌ఎస్ అని పదిహేను జీబీల పాత చెత్త ఉంటుంది. హ్యాంగ్‌కి అదే కారణం. ఓనర్‌షిప్ మార్చి డిలీట్ చెయ్యండి."

అయ్యా, ఓనర్‌షిప్ మారిస్తే తప్ప చెరపనివ్వని ఫోల్డర్ చెత్తబుట్ట అని ఎలా తోచిందండీ మీకు? విండోస్ తన భాగాలన్నీ పెట్టుకునేది అక్కడే. సిస్టమ్32 అనే ఫోల్డర్‌లో కనిపించే ఫైళ్లలో చాలావాటికి అక్కడివాటితో హార్డ్ లింకు, అంటే ఒకే ఫైలుకి రెండు చోట్ల రెండు పేర్లు, ఉంటుంది. ఒకే ఫైలు రెండుచోట్ల లెక్కకొస్తుంది కాబట్టి ఎక్స్‌ప్లోరర్ చూపే సైజు అసలు కంటే ఎక్కువ. పైగా అప్‌డేట్‌కి ముందున్న వెర్షన్ ఫైళ్లూ అందులోనే ఉంటాయి. మిమ్మల్ని ఏడిపిస్తున్న అప్‌డేట్‌ని వెనక్కి తియ్యాలంటే కావలసినవి అవే! చెరువులో ఆక్సిజన్ తగ్గిందని నీటికి గాలి పట్టించే ఏరియేటర్లు అమ్ముకున్నట్టుంది ఈ సలహా. చెరిపాక ఎస్‌ఎఫ్‌సీ స్కాన్ (పాడైన విండోస్ ఫైళ్లని సరిచేసే టూల్) పెట్టినా బాగుచెయ్యడానికి దానికి మంచి కాపీ దొరకదు. ఒక్కోసారి విండోస్ అసలు లేవనే లేవదు. జాగా కావాలంటే సెట్టింగ్స్‌లో స్టోరేజ్, టెంపరరీ ఫైల్స్, అందులో విండోస్ అప్‌డేట్ క్లీనప్. అది కూడా ఈ గొడవ తేలాకే.

తేల్చడం ఎలాగంటే, లాగిన్ తెర మీద షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ నొక్కండి. ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్, రీస్టార్ట్, ఆపైన 4 నొక్కితే సేఫ్ మోడ్, అంటే తప్పనిసరి డ్రైవర్లతో మాత్రమే విండోస్ లేవడం. ల్యాప్‌టాప్ 48 అంకెల బిట్‌లాకర్ కీ (డిస్కుకి వేసిన తాళం తీసే కీ) అడగొచ్చు, అది ముందే మైక్రోసాఫ్ట్ ఖాతాలోంచి రాసిపెట్టుకోండి. సేఫ్ మోడ్‌లో అరగంట నిక్షేపంగా నడిచిందంటే అనుమానం డ్రైవర్ మీదికో, తనంతట మొదలయ్యే ప్రోగ్రామ్ మీదికో పోవాలి. డివైస్ మేనేజర్‌లో డిస్‌ప్లే డ్రైవర్‌ని రోల్‌బ్యాక్ చేసి, అంటే పాత వెర్షన్‌కి మార్చి చూడండి. అప్పటికీ ఆగుతుంటే అదే అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్ ఉంది. అందులో రెండు రకాలు: నెలనెలా వచ్చేది క్వాలిటీ, వెర్షన్ మార్చేది ఫీచర్. ఫీచర్ అప్‌డేట్‌ని వెనక్కి తియ్యడానికి మామూలుగా పది రోజులే గడువు.

ఐదోది, సర్వీసెస్‌లో అప్‌డేట్‌ని శాశ్వతంగా ఆపెయ్యడం. జీఎస్టీ, బ్యాంకు పనులు రెండూ ఆ మెషీన్ మీదే చేస్తూనా? విండోస్ 11లో ఐదు వారాల దాకా పాజ్ ఉంది, అది చాలదా?

ఆరోది మాత్రం... సరే, ఒప్పుకోవాల్సిందే. "ఫాస్ట్ స్టార్టప్ తీసెయ్యండి" అన్నది మంచి సలహా. అది ఉన్నంతకాలం షట్‌డౌన్ కొడితే విండోస్ గుండెకాయ అయిన కెర్నల్ పూర్తిగా ఆగదు, డిస్కులో దాచుకుని మర్నాడు అదే తెస్తుంది. డ్రైవర్ మారాక ఇది ఇబ్బంది పెట్టొచ్చు. ఈ ఒక్క ముక్కే ఫార్వర్డ్ చేసుంటే ఇంత రాసే పనుండేది కాదు.

సేఫ్ మోడ్‌లోనూ ఆగిపోతుంటే విండోస్ జరిగినవన్నీ రాసుకునే ఈవెంట్ వ్యూయర్‌లో సిస్టమ్ లాగ్ తెరవండి. కెర్నల్ పవర్ 41 అన్న ఎంట్రీ చూసి కంగారుపడొద్దు, మెషీన్ సరిగ్గా షట్‌డౌన్ కాకుండా ఆగిందన్న సంగతే అది, మీరు బటన్ నొక్కి ఆపినా వస్తుంది. డిస్క్ పేరుతో 7, 153 నంబర్ల ఎంట్రీలు పదేపదే కనిపిస్తే తప్పు డిస్కుదో, దాని కేబుల్‌దో. అప్‌డేట్ అంతసేపు రాయడంతో బయటపడింది, అంతే. అప్పుడు చిట్కాలన్నీ ఆపి, ముందు ట్యాలీ డేటా బయటి డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి.