నెలాఖరు నుంచి 30 రోజులు

నేను కాంట్రాక్టరును. ఈ మాట అనగానే ఎదుటివాళ్ల కళ్ల ముందు సిమెంటు బస్తాలు, కంకర లారీలు కదలాడతాయి. ‘ఏ వంతెన కట్టారు?’ అని అడిగినవాళ్లూ ఉన్నారు. అంత దృశ్యం లేదు. నేను కంప్యూటర్ ముందు కూర్చుని పని చేస్తాను. పని ఒకరికి చేస్తాను, డబ్బు ఇంకొకరు ఇస్తారు. ఆ ఇంకొకరే రిక్రూట్‌మెంట్ ఏజెన్సీ. నా గంటలకు లెక్కకట్టి కంపెనీ ఏజెన్సీకి ఇస్తుంది. అందులోంచి తన వాటా తీసుకుని మిగిలింది ఏజెన్సీ నాకు ఇస్తుంది. ఆ వాటా ఎంతో నాకు చెప్పరు, నా చేతికి ఎంత వస్తుందో కంపెనీకి చెప్పరు. అందరం ఒకరి మీద ఒకరం జాలిపడుతూ బతుకుతుంటాం.

కంపెనీలో నా పని ఏమిటో ముందే చెప్పడం మంచిది, తరువాత సిగ్గుపడి దాచేస్తానేమో. అక్కడి ఉద్యోగుల జీతాల సాఫ్ట్‌వేర్‌లో తేదీల లెక్కలు సరిచేస్తాను. నెలాఖరు ఆదివారం పడితే జీతం శుక్రవారమే అందాలి. ఫిబ్రవరిలో 28 రోజులుంటే ఒక లెక్క, 29 ఉంటే ఇంకో లెక్క. కాబట్టి తేదీల విషయంలో నన్ను బోల్తా కొట్టించడం ఎవరి తరమూ కాదని నాకొక నమ్మకం ఉండేది.

ఈ పని కుదిర్చేటప్పుడు ఏజెంటు గారు చూపిన వేగం చెప్పనలవి కాదు. ఉదయం పళ్లు తోముకునేలోపే రెండుసార్లు ఫోను. నా క్షేమం, నా భవిష్యత్తు, నా ప్రతిభ, అన్నీ ఆయనే అడిగి ఆయనే మెచ్చుకున్నారు. ‘ఒప్పందం ఈ రాత్రికే సంతకం చేసి పంపండి, సోమవారం చేరిపోవచ్చు’ అన్నారు. 19 పేజీల ఒప్పందం. మంచం మీద పడుకుని ఫోనులో చదివాను. వాళ్లు నన్ను వారం గడువుతో పంపించవచ్చు, నేను మానాలంటే నాలుగు వారాల ముందు చెప్పాలి. బాగుంది. ఈ కంపెనీలో 12 నెలల వరకు నేరుగా చేరకూడదు. ఇదీ బాగుంది. ‘కంపెనీ మాకు చెల్లించిన తరువాతే మీకు చెల్లిస్తాం’ అన్న వాక్యం దగ్గర మాత్రం లేచి కూర్చున్నాను. దేవుడు వరమిచ్చినా పూజారి కరుణించడని విన్నాం గానీ, దేవుడు కూడా ఇవ్వకపోతే నా గతి ఏమిటి? ఫోను చేసి అరగంట వాదించి ఆ వాక్యం కొట్టివేయించాను. ఆ విజయగర్వంలో దాని కింది వాక్యాన్ని ప్రేమగా చూసి దాటిపోయాను. ‘చెల్లింపు గడువు 30 రోజులు, నెలాఖరు నుంచి.’ నా చూపు 30 రోజుల దగ్గరే ఆగింది. అక్కడ కామా పెట్టినవాడు సామాన్యుడు కాడు.

మార్చి 2, సోమవారం పనిలో చేరాను. 31 సాయంత్రం టైమ్‌షీట్, అంటే ఆ నెల పని గంటల పట్టిక, నింపి పంపాను. దాన్ని ఆమోదించగలిగింది ప్రపంచంలో ఒకే ఒక్క మనిషి, మా మేనేజరు. ఆయన ఆ మధ్యాహ్నమే సెలవు మీద వెళ్లారు, ఏప్రిల్ 2న వచ్చి ఆమోదించారు. నా బిల్లు, అదే ఇన్‌వాయిస్, దాని మీద తేదీ వేసే హక్కు నాకు లేదు. ఆమోదం పడిన రోజు తేదీతో ఏజెన్సీ పోర్టలే దాన్ని తయారు చేస్తుంది. పోనీలే, రెండు రోజులేగా అని ఉదారంగా అనుకున్నాను. మే 2 శనివారం కాబట్టి సోమవారం 4న డబ్బు వస్తుందని గుర్తుపెట్టుకున్నాను.

4న రాలేదు. 5న రాలేదు. 6న ఏజెంటు గారికి ఫోను చేశాను. ఒకప్పుడు నేను చేయకముందే ఎత్తే మనిషి, ఆరోసారికి ఎత్తి, ‘నేను నియామకాలు చూస్తానండీ. చెల్లింపులు అకౌంట్స్ విభాగం చూస్తుంది’ అన్నారు. ఆ గొంతు వింటే మా ఇద్దరికీ ముందు పరిచయమే లేదని నాకే అనిపించింది.

అకౌంట్స్‌లో ఒక అమ్మాయి ఎత్తింది. చిన్నపిల్లాడికి గడియారం చూడడం నేర్పేంత ఓపిక.

‘మీ ఇన్‌వాయిస్ ఏప్రిల్ 2న కదండీ. ఏప్రిల్ నెలాఖరు ఎప్పుడు?’

‘30.’

‘అక్కడి నుంచి 30 రోజులు లెక్కపెట్టండి.’

‘మే 30.’

‘ఆ రోజు శనివారం. మేము చెల్లింపులు గురువారాలే చేస్తాం. అంటే జూన్ 4.’

మార్చి 2 ఉదయం చేసిన పనికి జూన్ 4న డబ్బు. 94 రోజులు. గొంతు సవరించుకుని, మార్చి 31నే ఆమోదం పడి ఉంటే ఎప్పుడొచ్చేదని అడిగాను. అడగకుండా ఉండవలసింది.

‘ఏప్రిల్ 30. అది గురువారమే కాబట్టి ఆ రోజే వచ్చేసేదండీ.’

మేనేజరు రెండు రోజుల సెలవు నాకు 35 రోజులు పట్టిందన్నమాట. మరి ఏప్రిల్ సంగతి? మేనేజరు అదృష్టవశాత్తు దాన్ని 30నే ఆమోదించారు. దాని గడువు కూడా మే 30, అదీ జూన్ 4నే వస్తుందట. నెల తేడాతో చేసిన పనులు కవల పిల్లల్లా ఒకే రోజు పుడతాయి.

‘తొందరగా కావాలంటే ముందస్తు చెల్లింపు ఉందండీ. 3 శాతం మినహాయించుకుంటాం’ అంది. నా డబ్బు నాకివ్వడానికి నా దగ్గరే రుసుము! కాస్త గట్టిగానే మాట్లాడాను. అంతా విని ఆ అమ్మాయి గొంతు తగ్గించింది. ‘మీరు నయమండీ. నన్ను ఇక్కడికి వేరే ఏజెన్సీ పంపింది. నాకు 45 రోజులు.’

ఆ తరువాత ఇద్దరం కాసేపు మాట్లాడలేదు. క్షమాపణ చెప్పి ఫోను పెట్టేశాను.

అదే వారం కంపెనీలో పెద్ద గందరగోళం. ఉదయం అందవలసిన జీతాలు మధ్యాహ్నం అందాయి. మేనేజరు నన్ను పిలిపించి, ‘నాలుగు గంటలు ఆలస్యమైతే మనుషులు ఎంత అల్లాడిపోతారో తెలుసా?’ అని అడిగారు. తెలుసనే చెప్పాను. రాత్రి తొమ్మిది వరకు కూర్చుని లోపం సరిచేశాను. దీపం కింద కూర్చుని దీపానికే వత్తి ఎగదోశాను.

మే నెలలో మాత్రం మోసపోదలచుకోలేదు. 31 ఆదివారం కాబట్టి చివరి పనిదినం 29, శుక్రవారం. ముందుజాగ్రత్తగా 27నే టైమ్‌షీట్ నింపాను. జరగని రోజులకు గంటలు వేయడం కుదరదని పోర్టల్ తిప్పికొట్టింది. తిట్టలేకపోయాను, నేను రాసినా ఆ నిబంధన అలాగే రాసేవాణ్ని.

29 సాయంత్రం ఐదు గంటలకు పంపి తలెత్తేసరికి మేనేజరు సంచి భుజాన వేసుకుని లిఫ్టు దగ్గర ఉన్నారు. పరిగెత్తాను.

‘సోమవారం చూస్తానులెండి’ అన్నారు.

సోమవారమంటే జూన్ 1. అంటే జూన్ నెలాఖరు, అక్కడి నుంచి 30 రోజులు, జూలై 30. ఇవాళ అయితే జూలై 2. ఈ లెక్కంతా ఒక్క శ్వాసలో చెప్పేశాను. ఆయనకు అర్థం కాలేదు గానీ, నా ముఖం చూసి భయపడి ఫోను తీశారు. లిఫ్టు వచ్చింది. లోపలికి అడుగుపెడుతూనే తెర మీద ఏదో వెతికి నొక్కి, ‘అయిపోయింది’ అన్నట్టు బొటనవేలు చూపించారు. తలుపులు మూసుకున్నాయి.

ఆ లిఫ్టులో సిగ్నల్ ఉండదని నాకు అప్పుడు గుర్తొచ్చింది. నా ఫోనులో పోర్టల్ తెరిచి చూశాను. ‘ఆమోదం కోసం వేచి ఉంది.’ మూడో అంతస్తు, రెండో అంతస్తు అంటూ లిఫ్టు పైన అంకెలు తగ్గుతున్నాయి. నేను మెట్ల వైపు తిరిగాను.