చైనా బడిపిల్లల మెడలోని ఎర్ర రుమాలు గారికి

మహారాజశ్రీ ఎర్ర రుమాలు గారి దివ్యసముఖానికి,

ఉభయకుశలోపరి. 1949 అక్టోబరు 13న చైనాలో పుట్టిన యంగ్ పయనీర్లు అనే కమ్యూనిస్టు పిల్లల సంఘానికి తమరే గుర్తు. సోవియట్ పుట్టింటి నుంచి వచ్చిన కోడలు తమరు. 1991లో పుట్టిల్లు కూలినా మెట్టినింట పెత్తనం మాత్రం చెక్కుచెదరలేదు. మధ్యలో మావో నాటి సాంస్కృతిక విప్లవం వాళ్లు తమర్ని పక్కన పెట్టినా, 1978లో మళ్లీ పీట వేశారు.

తమరు ఎర్రజెండాలో ఒక మూల అనీ, అమరవీరుల నెత్తురుతో ఎర్రబడ్డారనీ ఆరేడేళ్ల పిల్లలకు నూరిపోస్తారు. వాళ్లేమో పాఠం వింటూ తమరి కొసలు నోట్లో పెట్టుకుని నములుతారు, చెమట తుడుచుకుంటారు. ఇంట్లో మరిచిపోయి వస్తే గేటు దగ్గర నిలబడ్డ తోటి పిల్లలే పేరు రాసుకుంటారు, క్లాసు పాయింట్లకు కోత పడుతుంది. అందుకే బడి పక్క కొట్లో పెన్సిళ్ల పక్కన తమరు సిద్ధంగా ఉంటారు. అమరవీరుల నెత్తురు చిల్లర డబ్బులకు దొరకడం ఎంత సౌకర్యం! 2018లో షాన్‌డాంగ్‌లోని హెజ నగరంలో ఒక షాపింగ్ ప్లాజా ప్రకటన తమరి మీదే అచ్చేసి పిల్లలకు పంచారు. గగ్గోలు పుట్టింది గానీ, జాగా ఎంచుకోవడంలో ఆ వ్యాపారిని తప్పుపట్టలేం.

మెడలో అందరికీ ఒకే ఎరుపు. చేతి బిళ్ల మీద గీతలు మాత్రం వేరు: చిన్న జట్టు నాయకుడికి ఒకటి, క్లాసు నాయకుడికి రెండు, బడి మొత్తానికి నాయకుడైతే మూడు. 2011లో వూహాన్ కుర్రాడొకడు ఐదు గీతలతో ఫొటోలో కనపడితే ఇంటర్నెట్టంతా నవ్వింది. పాపం, ఆ గీతలు పెట్టింది పెద్దలు, నవ్వులపాలైంది పిల్లాడు.

అదే ఏడాది షియాన్‌లో ఒక బడివాళ్లు వెనకబడ్డ పిల్లలకు ఆకుపచ్చ రుమాళ్లు కట్టారు. జనం దుమ్మెత్తిపోశారు. నాకైతే వాళ్లు తమరి మనసులో మాట కాస్త ముందే బయటపెట్టారనిపిస్తుంది. ఎరుపుకి విలువ రావాలంటే ఎరుపు లేని మెడలు కొన్ని ఉండాలి కదా! ఇప్పుడు ఒకటో తరగతి పిల్లల్ని సంఘంలో విడతలవారీగా చేర్చుకుంటున్నారుగా. మొదటి విడతలో పేరు రాని పిల్లాడి సంగతి సరే, వాళ్లమ్మ టెన్షన్ చూడాలి.

ఒక్క సందేహం. "సిద్ధంగా ఉండండి" అంటే "ఎల్లప్పుడూ సిద్ధం" అని పిల్లలు చెయ్యి తలపైకెత్తుతారు. "దేనికండీ?" అని అడిగిన పిల్లకు ఎన్ని గీతలిస్తారు? జవాబు కూడా విడతలవారీగా పంపినా ఫరవాలేదు.

ఇట్లు,
మెడ ఖాళీగా ఉన్న ఒక దూరపు శ్రేయోభిలాషి